రేటు దేశమంతటికీ ఒకటే, సిగ్నల్ మాత్రం ఊరికొకటి

నెల్లూరు ట్రంకు రోడ్డులో సెల్లు షాపుకి వెళ్ళి 299 రూపాయల రీచార్జి కొట్టించుకున్నా, ఉదయగిరి దుర్గం కింద పల్లెలో కిరాణా కొట్టులో కొట్టించుకున్నా వచ్చేది అదే 28 రోజులు. ట్రంకు రోడ్డులో ఏ కంపెనీ సిమ్ వేసినా గీతలు నిండుగా కనిపిస్తాయి. కొండ కింద పల్లెలో అయితే ఒకదానికి మిద్దె ఎక్కాలి, ఇంకోదానికి చెరువు కట్ట దాకా నడవాలి, మూడోది రానే రాదు. డబ్బు మాత్రం ఇద్దరూ సమానంగానే కట్టారు.

మొబైల్ కంపెనీల పోటీ అనగానే దేశంలో ఎన్ని కంపెనీలు ఉన్నాయని లెక్కపెడతాం. జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, బీఎస్ఎన్ఎల్ కలిపి నాలుగు. ఈ లెక్క తప్పు కాదు గానీ పల్లెలో ఉండేవాళ్ళకి దీంతో ఒరిగేది తక్కువ. రేటు దేశమంతటికీ ఒక్కసారే తేలిపోతుంది. సిగ్నల్ సంగతి మీ ఇంటికి రెండు మూడు కిలోమీటర్లలో ఉన్న టవర్ దగ్గర తేలుతుంది. ఈ రెండిటికీ మధ్య లంకె తెగిపోయింది. సిగ్నల్ బాగాలేని ఊరికి తక్కువ రేటు పెట్టే కంపెనీ ఏదీ లేదు. అలాంటి ఊళ్ళో ఇంకో కంపెనీకి మారుదామన్నా, ఆ ఇంకో కంపెనీ టవర్ ఉంటేనే కదా మారడం.

రెండుతో మొదలై

1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌కి చేసిన ఫోనుతో మన దేశంలో మొబైల్ మొదలైంది. అప్పుడు దేశాన్ని సర్కిళ్ళుగా విడగొట్టి ఒక్కో సర్కిల్‌కి ఇద్దరికే లైసెన్సు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో ఆ ఇద్దరూ టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్. మొదటిది తర్వాత ఐడియాలో, రెండోది ఎయిర్‌టెల్‌లో కలిసింది. నిమిషానికి 16 రూపాయల దాకా ఛార్జీ, వచ్చిన ఫోనుకి కూడా డబ్బు.

1999 విధానంలో లైసెన్సు ఫీజుని ఆదాయంలో వాటాగా మార్చారు. 2002లో బీఎస్ఎన్ఎల్ మొబైల్ వచ్చింది. 2003లో ఫోను చేసినవాళ్ళే డబ్బు కట్టే పద్ధతి రావడంతో ఇన్‌కమింగ్ ఉచితమైంది. సామాన్యుడి చేతికి సెల్లు వచ్చింది అక్కడినుంచే. 2008 తర్వాత కొత్త లైసెన్సులతో పది పన్నెండు కంపెనీలు పోటీ పడ్డాయి. ఒంగోలు కర్నూలు రోడ్డులో షాపు ముందు యునినార్, ఎయిర్‌సెల్, డొకోమో బోర్డులు పక్కపక్కనే వేలాడిన రోజులు అవి. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి 2017 మార్చి ఆఖరు దాకా ఉచితంగా ఇచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో ఆర్‌కామ్ మూతపడింది, ఎయిర్‌సెల్ దివాలా తీసింది, యునినార్ పేరు మార్చుకున్న టెలినార్, టాటా కనెక్షన్లు ఎయిర్‌టెల్‌లో కలిశాయి. 2018 ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి.

2025 మధ్య నాటికి కస్టమర్లలో వాటాలు ఇలా ఉన్నాయి. జియో సుమారు 41 శాతం, ఎయిర్‌టెల్ 33 పైన, వొడాఫోన్ ఐడియా 17 పైన, బీఎస్ఎన్ఎల్ 8 లోపు. పోటీ ఎంత గట్టిదో కొలవడానికి అర్థశాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. ఒక్కో కంపెనీ వాటాని దానితోనే గుణించి, వచ్చినవన్నీ కూడతారు. పది కంపెనీలు సమానంగా ఉంటే మొత్తం 1,000 వస్తుంది. ఒక్కటే ఉంటే 10,000. మన మార్కెట్‌కి 3,100 దాటుతుంది. 2,500 దాటితేనే పిడికెడు మంది చేతిలో ఉన్న మార్కెట్ అని చాలాకాలం లెక్కగట్టేవాళ్ళు.

ముగ్గురూ ఒకే వారంలో ఎలా పెంచుతారు

2019 డిసెంబరు, 2021 నవంబరు, 2024 జూలై. మూడుసార్లు పెద్ద పెంపులు జరిగాయి, మూడుసార్లూ మూడు ప్రైవేటు కంపెనీల కొత్త రేట్లు దాదాపు వారం తేడాలో అమల్లోకి వచ్చాయి. 2024లో జియో, ఎయిర్‌టెల్ జూలై 3న పెంచితే వొడాఫోన్ ఐడియా 4న పెంచింది. కుమ్మక్కయ్యారు అనేస్తాం. చట్టం దృష్టిలో కుమ్మక్కు అంటే వాళ్ళ మధ్య ఒప్పందం ఉన్నట్టు తేలాలి. ముగ్గురే ఉన్న మార్కెట్‌లో ఒప్పందం అక్కర్లేదు. ఒకరు పత్రికా ప్రకటన ఇస్తే మిగిలిన ఇద్దరికీ రెండే దారులు. పాత రేటు ఉంచి కొత్త కస్టమర్లను లాక్కోవడం, లేదా తామూ పెంచి ఉన్న కస్టమర్ల మీద ఎక్కువ రాబట్టుకోవడం. అప్పుల్లో ఉన్న కంపెనీ మొదటి దారి తొక్కే స్థితిలో ఉండదు. ముందున్న కంపెనీకి తొక్కాల్సిన పని లేదు.

మరి టెలికాం కంపెనీల మీద నిఘా ఉంచే నియంత్రణ సంస్థ ట్రాయ్ ఏం చేస్తుంది? రేటు నిర్ణయించదు. చాలా ఏళ్ళుగా రేట్లు కంపెనీల ఇష్టానికే వదిలేసింది, కొత్త ప్లాను పెట్టిన వారంలోగా తెలియజేస్తే చాలు. అతి తక్కువ రేట్లతో పోటీదారులను చంపకుండా 2018 ఫిబ్రవరిలో ఒక ఉత్తర్వు తెచ్చింది గానీ, అదే ఏడాది డిసెంబరులో టెలికాం తగాదాలు తేల్చే ట్రిబ్యునల్ టీడీశాట్ దాన్ని కొట్టేసింది. మార్కెట్‌లో పోటీని కాపాడాల్సిన కాంపిటీషన్ కమిషన్ దగ్గరకి 2017లో ఎయిర్‌టెల్ వెళ్ళింది, జియో ఉచితంగా ఇచ్చి మార్కెట్ పాడుచేస్తోందని. అప్పుడే వచ్చిన కంపెనీకి ఆధిపత్యం ఎక్కడిదంటూ కమిషన్ ఆ ఫిర్యాదు మూసేసింది. ఆ రోజు చూస్తే అది సబబైన తీర్పే. కాకపోతే ఆధిపత్యం వచ్చేసరికి ఎదురు నిలిచేవాళ్ళు మిగల్లేదు.

మీరు కట్టే 299లో ఎంత ఎవరికి పోతుందో చూస్తే ఇంకొంచెం అర్థమవుతుంది. 18 శాతం జీఎస్టీ తీస్తే 253 రూపాయల 40 పైసలు. దాని మీద లైసెన్సు ఫీజు 8 శాతం, అంటే ఇంకో 20 రూపాయలు. మిగిలిన 233లో టవర్ అద్దె, కరెంటు, డీజిలు, ఫైబర్, స్పెక్ట్రమ్ (సిగ్నల్ తరంగాలు వాడుకునే హక్కు) వాయిదాలు. 2022లో 5జీ వేలం మొత్తం 1,50,173 కోట్లు. ఇంత డబ్బు ముందే పోసి రావాల్సిన వ్యాపారంలోకి ఐదో కంపెనీ రాదు. ఉన్న నాలుగులోనూ బీఎస్ఎన్ఎల్ పూర్తిగా ప్రభుత్వానిది. వొడాఫోన్ ఐడియా ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీలను 2023లో ఒకసారి, 2025లో ఒకసారి వాటాలుగా మార్చుకోవడంతో అందులోనూ 49 శాతం ప్రభుత్వం చేతికే వచ్చింది. స్పెక్ట్రమ్ అమ్మేదీ, బాకీ వసూలు చేసేదీ, రెండు కంపెనీల్లో వాటా ఉన్నదీ ఒకరే. రేట్లు తగ్గించే పోటీని ఇక్కడినుంచి ఆశించడం కష్టం.

ప్లాన్ల లెక్కలో చాలామంది గమనించని సంగతి 28 రోజులు. ఏడాదికి 12 నెలలైనా 28 రోజుల ప్లానుకి 13 సార్లు కట్టాలి. 299 చొప్పున 3,887 రూపాయలు. నెలకొకసారి అనుకునేవాళ్ళ మనసులో ఉండే లెక్క 3,588. అందుకే ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను ఒకటి, ప్రతి నెలా ఒకే తేదీన కట్టే ప్లాను ఒకటి తప్పనిసరిగా పెట్టాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. షాపతను తనంతట తాను చెప్పడు, మీరే అడగాలి. నెట్ అక్కర్లేని పెద్దవాళ్ళకోసం మాటలు, మెసేజ్‌లు మాత్రమే ఉన్న ప్లాన్లు పెట్టమని 2024 డిసెంబరులో చెప్పింది. అలా వచ్చినవే 2025 మొదట్లో ఎయిర్‌టెల్ 84 రోజుల 469, ఏడాదికి 1,849 ప్లాన్లు. అప్పటి 28 రోజుల 199 ప్లానుతో పోలిస్తే ఏడాది ప్లానులో రోజు ఖర్చు 7 రూపాయల నుంచి 5 రూపాయలకి దిగింది. ఇంట్లో అమ్మానాన్నల కీప్యాడ్ ఫోనుకి ఇదే సరైనది.

మీ ఊరి మార్కెట్ మీ టవరే

సర్కిళ్ళు 22. తెలంగాణ విడిపోయినా టెలికాం లెక్కలో మనదీ వాళ్ళదీ ఇప్పటికీ ఒకే ఆంధ్రప్రదేశ్ సర్కిల్. కాల్ మధ్యలో తెగిపోవడం 2 శాతం మించకూడదన్న నియమాన్ని కొలిచింది చాలాకాలం ఈ సర్కిల్ సగటుతోనే. హైదరాబాదు మాదాపూర్‌నీ యర్రగొండపాలెం దాటాక నల్లమల అంచు గూడేన్నీ కలిపి సగటు తీస్తే గూడెం ఎక్కడ కనిపిస్తుంది?

సిగ్నల్ ఎంత దూరం వస్తుందనేది కంపెనీ పేరు మీద కాదు, అది వాడే తరంగాల మీద ఉంటుంది. 700, 800, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోతాయి, గోడల్లోంచి దూరతాయి, గుట్ట పక్కనుంచి కొంత వంగి వస్తాయి. 1800, 2100, 2300 దగ్గర్లోనే బలంగా ఉంటాయి. 5జీకి ఎక్కువగా వాడే 3300 ఇంకా దగ్గరికే పరిమితం. జియోకి 800 శ్రేణి, 5జీకి 700 ఉన్నాయి. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా 900 వాడతాయి. బీఎస్ఎన్ఎల్ 4జీ 700, 2100ల మీద నడుస్తుంది. బీఎస్ఎన్ఎల్‌కి మారినవాళ్ళలో కొందరి చిక్కు ఇక్కడే. పాత 4జీ ఫోన్లు చాలావాటిలో 700 పట్టే బ్యాండ్ 28 లేదు. ఊళ్ళో టవర్ పనిచేస్తున్నా ఆ ఫోనుకి 2100 మాత్రమే కనిపిస్తుంది, వీధి చివర తెగిపోతుంది. పక్కింటాయన కొత్త ఫోనులో అదే సిమ్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మారే ముందు ఫోను వివరాల్లో బ్యాండ్ల వరుసలో 28 ఉందేమో చూసుకోవాలి.

గీతలు నమ్మొద్దు. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో కనిపిస్తుంది. 4జీలో మైనస్ 85 చుట్టుపక్కల ఉంటే చాలా బాగున్నట్టు. మైనస్ 100 ఫరవాలేదు. మైనస్ 110 దాటితే వీడియో ఆగుతుంది, మైనస్ 120 దగ్గర మాట కూడా తెగుతుంది. చుట్టాల దగ్గర వేరే కంపెనీ సిమ్ రెండ్రోజులు అడిగి తీసుకుని, పడుకునే గదిలో ఒకసారి, పెరట్లో ఒకసారి, రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య ఒకసారి చూడండి. రాత్రి ఎందుకంటే అంకె బాగున్నా టవర్ మీద జనం రద్దీ అప్పుడే తెలుస్తుంది. కరెంటు పోయినప్పుడు చూడటం ఇంకా ముఖ్యం. టవర్ బ్యాటరీ కొన్ని గంటలే నిలుస్తుంది, జనరేటర్‌కి డీజిలు చేరకపోతే ఆరిపోతుంది.

రెండు సిమ్‌లు వేసుకునేవాళ్ళు దీన్ని పట్టించుకోవాలి. చాలా ఊళ్ళలో రెండు మూడు కంపెనీలు ఒకే టవర్‌ని అద్దెకి పంచుకుంటాయి. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా యాంటెన్నాలు ఎక్కువగా ఇండస్ టవర్ల మీదే ఉంటాయి. జియోకి చాలావరకు వేరే టవర్లు, బీఎస్ఎన్ఎల్‌కి సొంతవి. ఒకే టవర్ మీద ఉన్న రెండు సిమ్‌లు పెట్టుకుంటే బ్యాటరీ అయిపోయిన నిమిషానికి రెండూ పోతాయి. ఆసరా కోసం రెండో సిమ్ అయితే టవర్ వేరైనది ఎంచుకోవాలి.

దీని విలువ ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల దగ్గర బాగా తెలుస్తుంది. ఏరేటర్ల (నీళ్ళలో గాలి కలిపే యంత్రాల) స్టార్టర్‌కి చిన్న పెట్టె బిగిస్తారు, అందులో ఒక సిమ్. కరెంటు పోయినా ఫేజు తగ్గినా ఆ పెట్టె రైతు సెల్లుకి ఫోను చేస్తుంది. తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు బాగా పడిపోయి ఉంటుంది, ఆ వేళ ఏరేటర్ ఆగితే రొయ్య తేలుతుంది. ఈ పెట్టెల్లో పాతవి ఎక్కువగా 2జీవి. జియోకి 2జీ లేదు, ఆ సిమ్ వేస్తే పెట్టె పలకదు. అంటే దేశంలో నాలుగు కంపెనీల పోటీ ఆ పెట్టె దగ్గరికి వచ్చేసరికి మూడుకి దిగింది. ఆ మూడింట్లో గుంట గట్టు మీద సిగ్నల్ ఉన్నది ఒకటే అయితే పోటీ అక్కడితో అయిపోయింది. మెట్టలో మోటారు స్టార్టర్ పెట్టెలదీ ఇదే కథ. కొత్తది కొనేటప్పుడు 4జీది అడిగి, మీ సిమ్ అందులో పనిచేస్తుందో లేదో షాపులోనే చూసుకోవాలి. పాతదానికి నెట్ లేని ఏడాది ప్లాను వేస్తే చాలు, నెల నెలా గడువు మర్చిపోయి పెట్టె మూగబోయే ప్రమాదం ఉండదు.

టవరే లేని ఊళ్ళ కోసం 2022 జూలైలో కేంద్రం 26,316 కోట్లతో 24,680 గ్రామాలకి 4జీ ఇచ్చే పథకం ఆమోదించింది, పని బీఎస్ఎన్ఎల్‌కి అప్పగించింది. ప్రభుత్వ నిధితో కట్టిన టవర్‌ని ఒక్క కంపెనీకే పరిమితం చేయకుండా, బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో సిమ్‌లు మూడూ దాని మీద పనిచేసేలా 2025 జనవరిలో సర్కిల్ లోపలి రోమింగ్ మొదలుపెట్టారు. పల్లెకి నిజంగా మేలు చేసేది ఇదే అని గట్టిగా చెప్పొచ్చు. నాలుగు కంపెనీలు నాలుగు టవర్లు కట్టే జనాభా ఉదయగిరి మెట్టలోనో గిద్దలూరు అడవి అంచునో లేదు, ఉండదు. ఒక టవర్ మీద నాలుగు సిమ్‌లు పనిచేస్తే అప్పుడు రేటు మీదా కస్టమర్ కేర్ మీదా పోటీ ఉంటుంది.

పోర్ట్ పెట్టడం, అడ్డం తిరిగేచోట్లు

నంబరు మార్చకుండా కంపెనీ మార్చే వీలు 2011 జనవరి 20 నుంచి దేశమంతా ఉంది. వేరే సర్కిల్‌కి కూడా మారే వీలు 2015 జూలై 3 నుంచి వచ్చింది. చెన్నైలో తీసుకున్న నంబరుతోనే నెల్లూరు వచ్చి స్థిరపడొచ్చు.

ఇంగ్లీషు అక్షరాల్లో పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మీ పదంకెల నంబరు రాసి 1900కి మెసేజ్ పంపాలి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, మన సర్కిల్‌లో నాలుగు రోజులు చెల్లుతుంది. ప్లానులో మెసేజ్‌లు లేకపోయినా 1900కి పోనివ్వాలని 2021 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది కాబట్టి పెద్ద రీచార్జి చేయాలని షాపులో చెబితే నమ్మనక్కర్లేదు. కోడ్, ఆధార్ తీసుకెళ్ళి కొత్త కంపెనీ దగ్గర వేలిముద్ర వేస్తే సర్కిల్ లోపల మూడు పనిదినాలు, వేరే సర్కిల్ నుంచైతే ఐదు పనిదినాల్లో మారుతుంది. మనసు మారితే 24 గంటల్లోపు క్యాన్సిల్ అని, నంబరు రాసి అదే 1900కి పంపొచ్చు. పాత సిమ్‌లో మిగిలిన బ్యాలెన్సు, వ్యాలిడిటీ కొత్తదానికి రావు. అందుకే గడువు ముగిసే నాలుగైదు రోజుల ముందు పెట్టుకోవడం మంచిది.

కోడ్ రాకపోతే కారణం వీటిలో ఒకటై ఉంటుంది. సిమ్ తీసుకుని లేదా క్రితంసారి మారి 90 రోజులు కాలేదు. పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉంది. సిమ్ పోయి వేరే తీసుకుని ఏడు రోజులు కాలేదు, ఇది 2024 జూలై 1 నుంచి వచ్చిన నియమం. నంబరు వేరొకరి పేరు మీదకి మార్చే దరఖాస్తు నడుస్తోంది. అన్నిటికంటే పల్లెల్లో ఎక్కువగా తగిలేది మాత్రం సిమ్ మీ పేరున లేకపోవడం. పదేళ్ళ కిందట తిరునాళ్ళలో గొడుగు కింద అమ్మిన సిమ్‌లు ఎవరి ఆధార్ మీద ఉన్నాయో ఎవరికీ తెలియదు. మీ పేరున ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. మీది కాని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. మీ నంబరు వేరొకరి పేరున ఉందని తేలితే ముందు పేరు మార్పించుకోవాలి, ఆ తర్వాతే పోర్ట్. మారిన రోజు కొన్ని గంటలు ఫోను పనిచేయదు. ఫోన్‌పే, గూగుల్ పే మళ్ళీ నంబరు సరిచూసుకుంటాయి. దానికి కొత్త సిమ్ నుంచి ఒక మెసేజ్ పోవాలి కాబట్టి మెసేజ్‌లు ఉన్న ప్లానే వేయించుకోవాలి.

మారే వీలు లేనివాళ్ళకి మిగిలింది ఫిర్యాదు. 198కి చేసి నంబరు రాసుకోవాలి, ఆ నంబరు లేకుండా పై మెట్టు ఎక్కలేరు. తేలకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోపు అప్పీలు వేయాలి, వాళ్ళు 39 రోజుల్లో తేల్చాలి. 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న నాణ్యతా నియమాల ప్రకారం కంపెనీలు తమ సిగ్నల్ ఎక్కడెక్కడ ఉందో మ్యాపు పెట్టాలి. మ్యాపులో మీ ఊరు పచ్చగా ఉండి ఫోనులో మైనస్ 120 చూపిస్తే ఆ రెంటి ఫొటోలే మీ ఫిర్యాదుకి బలం. 2025 ఏప్రిల్ నుంచి ఒక జిల్లాలో 24 గంటలకు మించి నెట్‌వర్క్ పోతే పోస్ట్‌పెయిడ్‌కి అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్‌కి వ్యాలిడిటీ పెంచాలి. తుఫాను లాంటి విపత్తుకి పోతే ఈ నియమం వర్తించదు. మన కోస్తాలో ఎక్కువగా పోయేది తుఫానుకే కావడం బాధాకరం.

తుఫాను రోజుల్లో మాత్రం ఏ సిమ్ అయినా ఏ టవర్ మీదైనా పనిచేసేలా టెలికాం శాఖ రోమింగ్ తెరవడం ఉంది. అప్పుడు మైపాడులోనో కొత్తపట్నంలోనో సిగ్నల్ పోతే సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌కి వెళ్ళి, ఆటోమేటిక్ తీసేసి, ఒకటి రెండు నిమిషాలు ఆగితే దొరికిన కంపెనీల పేర్లు వస్తాయి. వాటిలో ఒకదాన్ని నొక్కాలి. డేటా రోమింగ్ కూడా ఆన్ చేయాలి. గాలి తగ్గి రోమింగ్ ఎత్తేశాక ఆటోమేటిక్ మళ్ళీ పెట్టుకోవాలి. మర్చిపోతే ఫోను ఆ పరాయి టవర్ కోసమే వెతుకుతూ, సొంత కంపెనీ సిగ్నల్ తిరిగొచ్చినా నో సర్వీస్ అనే చూపిస్తుంది.